380 రూపాయల గమ్‌బూట్లు, మా ఇంటి వెనక వాగు

ఈ బూట్లు కొని పద్నాలుగు నెలలైంది. డబ్బా విప్పిన రోజే ఐదు చుక్కలు పెట్టేవాళ్ల మాట నమ్మి రెండుసార్లు మిక్సీ కొని మోసపోయినదాన్ని నేను. అందుకే రెండు వానాకాలాలు, మధ్యలో ఒక చలికాలం, ఒక చాందా ఎండాకాలం గడిచాక రాస్తున్నా.

మాది మహారాష్ట్ర చంద్రపూర్‌లో లాల్‌పేట్ వైపు. కాగితాల మీద చంద్రపూర్, మా ఇళ్లలో ఇప్పటికీ చాందానే. మా మామగారు కరీంనగర్ నుంచి బొగ్గుబాయి పనికి వచ్చారు. అప్పటికి గనులు ప్రైవేటు వాళ్లవి, 1973లో సర్కారు తీసుకుంది. ఆయన, తర్వాత మా ఆయన, గనిలో ఇచ్చిన బూట్లు తొడిగి డ్యూటీకి పోయినవాళ్లే. మా గుమ్మం దగ్గర ఎప్పుడూ మగవాళ్ల బూట్లు ఉండేవి, వాటి పక్కన నా హవాయి చెప్పులు. నాకంటూ బూట్లు కొనుక్కోవడం 52 ఏళ్లు వచ్చాక ఇదే మొదలు.

కొనడానికి కారణం వాగు. మా ఇంటి వెనక నుంచి పోయే సన్న వాగు అది. దానికి పేరు కూడా లేదు, అందరం నాలా అంటాం. గని మట్టి కుప్పల దగ్గర, ఓబీ అంటాం కదా, అక్కడి పల్లపు చేలల్లో పుట్టి, రైలు పట్టాల కింద మోరీ దూరి, మా ఇళ్ల వెనకగా పోయి ఝరపట్ నదిలో కలుస్తుంది. మహా అయితే మూడు కిలోమీటర్లు ఉంటుంది. మా బచత్ గట్‌లో, అంటే పొదుపు సంఘంలో, పదకొండు మందిమి ఆడవాళ్లం. ఫిబ్రవరి వచ్చేసరికి వాడకట్టులో బావులు అడుగంటుతున్నాయి. దగ్గర్లో ఓపెన్‌కాస్ట్, అంటే పైనుంచి తెరిచి తవ్వే గని, తవ్వితే చుట్టుపక్కల భూమిలో నీళ్లన్నీ ఆ గుంట వైపే దిగిపోతాయి, అది మాకు చదువుకోకుండానే తెలుసు. అందుకే వానలు వెనక్కి పట్టాక వాగుకు అడ్డంగా బస్తాల కట్ట వేద్దామని అనుకున్నాం. పల్లెల్లో వనరాయి బంధారా అంటారు. ఖాళీ సిమెంటు బస్తాల్లో ఇసుకో మట్టో నింపి, నోళ్లు కుట్టి, పేర్చడమే. సిమెంటూ లేదు, ఇనుమూ లేదు.

అయితే పల్లె వాగు వేరు, ఊళ్లో వాగు వేరు. ఎక్కడ పడితే అక్కడ కట్టేస్తే మురుగు నిలబడి దోమల ఫ్యాక్టరీ అవుతుంది. ఇళ్ల మురుగు మోరీలు ఎక్కడెక్కడ కలుస్తున్నాయో చూసి, అన్నింటికంటే పైన కట్టాలి. అది తెలియాలంటే ఎవరో ఒకరు వాగులోకి దిగి, కింది నుంచి పైదాకా నడవాలి. మీటింగ్‌లో అందరూ నా వైపు చూశారు. నాకు షుగర్ ఉంది, కాలికి దెబ్బ తగిలితే మానదు. పైగా వాన నీళ్లలో ఎలుకల మూత్రం కలిసి, కాలి మీద చిన్న గీత ఉన్నా ఎలుక జ్వరం పట్టుకోవచ్చని ఆశా వర్కర్ చెప్పింది. అలా గోల్ బజార్‌కు బయలుదేరాను.

కొట్టు పేరు రాయను, కింద వాళ్ల మీద ఒక ఫిర్యాదు ఉంది కాబట్టి. లోపల గమ్‌బూట్లు తోరణంలా వేలాడుతున్నాయి. గనులున్న ఊరు కదా, చీరల కొట్లలో చీరలు ఉన్నంత సహజంగా ఉంటాయి ఇక్కడ. "5 నంబరు ఇవ్వండి" అన్నాను. కొట్టాయన నా కాళ్ల వైపు చూసి, ముఖం వైపు చూసి, "తాయీ, బాయ్‌కాంచా సైజ్ యేత్ నాహీ" అన్నాడు. ఆడవాళ్ల సైజు రాదట. అన్నింట్లో చిన్నది 6. వరి చేలల్లో నాట్లు వేసేది ఎవరు, మోరీలు ఊడ్చేది ఎవరు, ఇటుక బట్టీల్లో తొక్కేది ఎవరు? సైజులు మాత్రం మగవాళ్లకే. 420 చెప్పాడు, రెండు జతల మేజోళ్లు కూడా కొంటానని 380కి తెచ్చుకున్నా.

ఇక వస్తువు సంగతి. నల్ల పీవీసీ, లోపల పలచటి గుడ్డ. రబ్బరువి కావాలంటే ఇంకా రేటు ఎక్కువ, అవి మెత్తగా ఉంటాయి. ఎత్తు 14 అంగుళాలు. కిరాణా కొట్టు తక్కెడలో పెడితే జత కిలో 900 గ్రాములు తూగింది. పొద్దున ఏమీ అనిపించదు, మధ్యాహ్నానికి కాళ్లకు రెండు గుమ్మడికాయలు కట్టినట్టుంటుంది. పిక్క దగ్గర నోరు వెడల్పు. చీర కట్టుకుని తొడిగితే కుచ్చిళ్లు లోపలికి పోయి తడిసి నీళ్లు లాగుతాయి. చివరికి మా ఆయన పాత ట్రాక్ ప్యాంటు, దాని మీద నైటీ, దాని మీద తువ్వాలు. ఆ అవతారం చూసి మా వదిన నవ్విన నవ్వుకు పక్కింటి కుక్క లేచింది.

ఒక పని మాత్రం తెలివిగా చేశాను. బూటుకు బయట మడమ నుంచి పైదాకా రెండేసి అంగుళాలకు ఒక గీత, ఎర్ర నెయిల్ పాలిష్‌తో. ఎక్కడ నిలబడితే అక్కడ లోతు ఎంతో వంగకుండా తెలుస్తుంది. ఏడాదిలో సగం గీతలు పోయాయి, మళ్లీ వేశాను. గమ్‌బూట్లు కొనే ప్రతివాళ్లూ ఈ పని చేయండి.

మొదటి నడక సెప్టెంబరులో. ఝరపట్ దగ్గర మొదలుపెట్టి పైకి. ఝరపట్ అంటే చాందా ఊరికి తల్లి లాంటిది, పుట్టుకే అక్కడ. గోండు రాజు ఖాండ్‌క్యా బల్లాల్ షా ఒంటి నిండా గడ్డలతో బాధపడేవాడట. వేటకు వచ్చి దాహం వేసి, ఎండిన ఝరపట్‌లో చిన్న గుంట నుంచి ఊరుతున్న నీళ్లు తాగి, ముఖం కడుక్కున్నాడు. మర్నాటికి గడ్డలు తగ్గడం రాణి కనిపెట్టి, ఆ చోటు వెతికించింది. అక్కడే అంచలేశ్వర్ గుడి, తర్వాత కోట, ఊరు. మహాకాళి గుడి కూడా ఈ నది ఒడ్డునే, రాణి హిరాయీ కట్టించింది. చైత్రంలో జాతరకు నాందేడ్ నుంచి, మన ఆదిలాబాద్ వైపు నుంచి జనం దిగుతారు. ఆ రాజు ఇప్పుడు వచ్చి ముఖం కడుక్కుంటే ఉన్న గడ్డలకు కొత్తవి తోడవుతాయి. నేను వెళ్లిన రోజు నది మీద గుర్రపుడెక్క ఎంత దట్టంగా ఉందంటే కొంగ దాని మీద నడుస్తోంది. నీళ్లు కనబడలేదు.

మా వాగు కలిసేచోట నాలుగో గీత దాకా, అంటే 8 అంగుళాల నీళ్లు. అడుగున నల్లమట్టి. ఇక్కడే బూట్ల మొదటి లోపం తెలిసింది. నల్లరేగడిలో అడుగు వేస్తే మట్టి బూటును పట్టుకుంటుంది, కాలు మాత్రం పైకి వస్తుంది. 5 నంబరు కాలు 6 నంబరు బూటులో ఉంటే మరీ. రెండు జతల మేజోళ్లు వేసినా ఆగలేదు. కాలిని తిన్నగా లాగకూడదు, ముందు మడమ లేపి, పక్కకు కొంచెం తిప్పి, గాలి లోపలికి పోయాక ఎత్తాలి. ఈ సంగతి డబ్బా మీద ఎక్కడా రాయలేదు, రైలు కట్ట దగ్గర మేకలు కాసే తాత చెప్పాడు.

రాతి మీద ఇంకో కథ. రైలు కట్ట కింది మోరీ లోపల సిమెంటు గచ్చు మీద పాచి. అక్కడ బూటు అడుగు సబ్బు రాసినట్టే జారింది. చెయ్యి గోడకు ఆనించి దాటాను. పట్టు విషయంలో ఐదుకు రెండు ఇస్తాను, అదీ మట్టిలో బాగుంది కాబట్టి.

ఝరపట్ నుంచి పైకి పోయేదాకా తొమ్మిది మురుగు మోరీలు లెక్కపెట్టాను. ఆరో మోరీ మా వీధిదే, అందులో నేను పొద్దున పారబోసిన బియ్యం కడుగు కూడా ఉంటుంది. తొమ్మిదో మోరీ దాటాక నీళ్ల రంగు మారింది. వాన పడినప్పుడు బొగ్గు పొడితో నల్లగా వస్తాయి గానీ, వాన లేని రోజుల్లో కంకర కనిపించేంత తేట. అక్కడ రెండు ఒడ్లూ గట్టిగా ఉండి వాగు సన్నబడేచోటు ఒకటి దొరికింది. పదిహేడు అడుగుల వెడల్పు. అదే మా కట్ట.

అక్టోబరు ఆఖర్లో వేశాం. బూట్లు పూర్తిగా పనికొచ్చింది ఆ మూడు రోజులే. చల్లటి నీళ్లలో గంటల తరబడి నిలబడినా కాళ్లు పొడిగా ఉన్నాయి, చెప్పుల్లో దిగినవాళ్ల వేళ్లు నానబెట్టిన శనగల్లా అయిపోయాయి. బస్తాలు మూడు వంతులే నింపాలి. నిండా నింపితే గుండ్రంగా అయ్యి ఒకదాని మీద ఒకటి ఆగవు. గోడకు ఇటుకలు పెట్టినట్టు కింద వరుస అతుకు మీద పై వరుస బస్తా నడుము రావాలి. రెండు వరుసలు కట్టి, వాటి మధ్య మట్టి పోసి తొక్కాలి. ఆ తొక్కడం మొత్తం నాదే, బూట్లున్నది నాకే కదా. నడుమ భాగం ఒడ్ల కంటే కొంచెం కిందికి ఉంచాలి, ఎక్కువైన నీళ్లు మధ్య నుంచి దూకాలి. ఒడ్డు పక్క నుంచి దారి చేసుకున్నాయంటే ఒడ్డే కోసుకుపోతుంది. మొదటి రోజు సాయంత్రం సరిగ్గా అదే జరిగింది. కుడి ఒడ్డు చివర రెండు బస్తాలు తక్కువ పెట్టాం, తెల్లారేసరికి అక్కడ మనిషి దూరేంత కంత. మళ్లీ తవ్వి, బస్తాలను ఒడ్డులోకి రెండడుగులు దూర్చి పెట్టాం.

నీళ్లు నిలబడ్డాయి. బూటు దాటి మోకాలి దాకా వచ్చాయి, వెనక్కి దాదాపు రెండు వందల అడుగులు చెరువులా. వాడకట్టులో దగ్గర ఉన్న రెండు బావులు ఏప్రిల్ నడిమి దాకా ఆగాయి. దూరంగా ఉన్న మా బావికి ఏ తేడా రాలేదు, అది కూడా చెప్పాలి. ఒకరిద్దరు "నీకేం లాభం వచ్చింది" అని అడిగారు. లాభం సంగతేమో గానీ, వంగపండు రంగు పిట్ట ఒకటి రోజూ వచ్చేది అక్కడికి, దాన్ని చూడడానికి పొద్దున్నే వెళ్లేదాన్ని.

ఎండాకాలంలో ఈ బూట్ల మాట ఎత్తొద్దు. చాందాలో మే నెల అంటే 47, 48 డిగ్రీలు. పీవీసీ లోపల కాలు ఉడుకుతుంది. ఎండలో ఆరబెట్టకండి, గట్టిపడి మడత దగ్గర చిట్లుతుంది. నేను డాబా మీద పెట్టి మరిచిపోయాను, తప్పు నాది. నీడలో తలకిందులుగా, లోపల పాత పేపరు కుక్కి ఆరబెట్టాలి. తొడిగే ముందు తిరగేసి దులపడం మరవద్దు. నాకు ఒకసారి తేలు, రెండుసార్లు మా మనవడి బొమ్మ కారు వచ్చాయి.

ఇప్పుడు అసలు విషయం. జూన్‌లో మేం కట్ట తీయలేదు.

కొల్హాపూర్ రకం బంధారాలు చూసే ఉంటారు, కేటీ వేర్ అంటారు. స్తంభాల మధ్య బర్గేలు, అంటే ఇనుప పలకలు, వానలు తగ్గాక దించుతారు, మళ్లీ వానలకు ముందే తీసేస్తారు. కట్టడం ఎంత ముఖ్యమో విప్పడం అంత ముఖ్యం. మా ఆయన మే నుంచి చెబుతూనే ఉన్నాడు. మేం పెళ్లిళ్లలో, ఎండల్లో, రేపు మాపు అనుకున్నాం. బస్తాలే కదా, మొదటి వానకు వాటంతట అవే పోతాయి అని గట్‌లో అందరం తీర్మానం చేసినంత ధీమాగా ఉన్నాం. అవి పోయాయి. ఎక్కడికి పోయాయంటే తిన్నగా రైలు కట్ట కింది మోరీలోకి. ఎండకు చివికిన బస్తాలు పగిలి, ఇసుక అడుగున కూర్చుని, ఖాళీ సంచులు ప్లాస్టిక్‌తో కలిసి మోరీ నోటికి అడ్డం పడ్డాయి.

అదే వారం వార్ధా నది నిండింది. ఇరై డ్యామ్ గేట్లు తెరుస్తున్నారని ఆటోలో మైకు పెట్టి తిరిగారు. ఆ డ్యామ్ థర్మల్ కేంద్రం కోసం కట్టింది, ఏడు గేట్లు. ఇరై పోయి వార్ధాలో కలవాలి, వార్ధాయే నిండి ఉంటే ఇరై నీళ్లు వెనక్కి తంతాయి. పఠాన్‌పురా దర్వాజా అవతల ఇరైలో కలిసే ఝరపట్ కూడా వెనక్కి తంతుంది. ఇక దానిలో కలిసే మా నాలా ఎంత? నేను బూట్లు తొడుక్కుని వెనక తలుపు తీశాను. నీళ్ల మీద ఎవరిదో నీలం రంగు చెప్పు ఒకటి తేలుతూ ఝరపట్ వైపు నుంచి మా వైపు వస్తోంది. వాగులో కొట్టుకుపోయే చెప్పును చాలాసార్లు చూశాను, ఎదురొచ్చే చెప్పును అదే మొదటిసారి చూడడం. కింది నుంచి నదులు తోస్తున్నాయి, పై నుంచి వచ్చే వాన నీళ్లు మా బస్తాల వల్ల మోరీలో ఆగి, పక్క వీధి మీదుగా దారి చేసుకుని మా పైకే వచ్చాయి. రెండూ కలిసి మా వాడకట్టులో.

మోరీ నోరు తీయడానికి నలుగురం దిగాం. బూటు గీతలు లెక్కపెడుతూ నడిచాను. ఐదు, ఆరు, ఏడు. ఏడో గీత దాటితే అంచు. తర్వాతి అడుగులో నీళ్లు లోపలికి దిగాయి. చల్లగా, రెండు బిందెలు ఎత్తుకున్నట్టు బరువు. ఒక్కో బూటు ఎత్తడానికి రెండు చేతులతో తొడ పట్టుకోవాల్సి వచ్చింది. బురదలో ఎడమది ఇరుక్కుపోయింది. పడిపోతానని భయం వేసింది, నిజంగానే. మా వదిన కొడుకు వచ్చి, "అత్తా, బూట్లు వదిలేయ్, కాలు తీసెయ్" అని అరిచాడు. కాలు తీశాను. నా కాలు బయటికి రావడానికి ఆ ఒక్కరోజు సైజు పెద్దది కావడమే మేలు చేసింది. బూటును వాడే తర్వాత తాడు కట్టి లాగాడు. మోరీ నోరు తీసేసరికి సాయంత్రం ఐదు. వీధిలో నీళ్లు రాత్రికి గానీ దిగలేదు. మూడిళ్లలో బియ్యం తడిశాయి, అందులో ఒక ఇంటికి గట్ డబ్బుల నుంచి బియ్యం ఇచ్చాం. మిగతా ఇద్దరు తీసుకోలేదు. ఒకామె ఇప్పటికీ నాతో మాట్లాడదు.

కాబట్టి రాసిపెట్టుకోండి. గమ్‌బూటు పనికొచ్చేది దాని అంచుకు నాలుగు వేళ్ల కింది దాకానే. మోకాలి లోతు నీళ్లకు, పారే నీళ్లకు ఇవి వద్దు. అలాంటప్పుడు వెనక పట్టీ ఉన్న గట్టి చెప్పులే నయం, నీళ్లు వస్తాయి, పోతాయి. చిన్నపిల్లలకు ఇవి తొడిగి వరద నీళ్లలోకి అస్సలు పంపకండి.

ఫిర్యాదు. జూలై వరద దెబ్బ తర్వాత ఎడమ బూటు పాదం మడతపడేచోట చీలింది. కొట్టుకు పట్టుకెళ్లాను. పీవీసీకి గ్యారంటీ లేదన్నాడు. అది సరే, చీటీ ఇవ్వలేదు కదా, నేనే తీసుకోలేదు. కానీ బూటు చేతిలోకి తీసుకుని, గీతలు చూసి, "తాయీ, దీనికి నెయిల్ పాలిష్ వేశారు, అందుకే చీలింది" అన్నాడు చూడండి, అక్కడ ఒళ్లు మండింది. చీలింది ముందు వైపు, గీతలు పక్కన. సైకిల్ పంక్చర్ షాపులో 30 రూపాయలకు ట్యూబు ముక్క అతికించుకున్నా. వారం ఆగింది, ఊడింది. ఆ సొల్యూషన్ రబ్బరుకే పట్టుకుంటుంది, పీవీసీకి కాదట. తర్వాత బకెట్లు, ప్లాస్టిక్ కుర్చీలు అతికే ఆయన వీధిలోకి వస్తే, ఇనుప కడ్డీ కాల్చి కరిగించి మూసి ఇచ్చాడు, 40. వికారంగా ఉంది, నీళ్లు మాత్రం రావడం లేదు.

మొత్తానికి ఐదుకు మూడు చుక్కలు. 380 రూపాయలకు పద్నాలుగు నెలలు, ఒక బంధారా, ఒక వరద. మడత దగ్గర మందం పెంచి, 4, 5 నంబర్లు చేస్తే ఇంకో చుక్క ఇస్తాను.

ఈ ఆదివారం మళ్లీ కట్ట వేస్తున్నాం, అదే పదిహేడు అడుగుల చోట. ఈసారి బస్తాలు లెక్కపెట్టి నోటుబుక్కులో రాశాం, 212. జూన్ మొదటి వారంలో అన్నీ తీసి లెక్క ఒప్పజెప్పాలని మా ఆయన సంతకం పెట్టించుకున్నాడు, పదకొండు మందితో. మాట్లాడని ఆమె కూడా పెట్టింది, నా వైపు చూడకుండా. మా వదిన తనకూ బూట్లు కావాలంటోంది. ఆమె కాలు 4.